ఆ దినుసు అయిపోతే ఏది వేయాలి? బదులు సరుకుల సమీక్ష

నూనె కాగుతుంటే డబ్బా ఖాళీ అని తెలుస్తుంది. చేతికందిన పక్క డబ్బాలోంచి ఓ చెంచా వేసేస్తారు చాలామంది. ఆ పక్క డబ్బాల్లో ఏవి నిజంగా ఆదుకుంటాయి, ఏవి వంటను చెడగొడతాయి అన్నదే ఇక్కడ చూస్తున్నాం. వంటలో దినుసు చేసే పని ఒకటి కాదు: కారం, రంగు, వాసన, చేదు, చిక్కదనం. లేని దినుసు ఆ వంటలో వీటిలో ఏ పని చేసేదో, బదులుగా వేసినది ఆ పనిని ఎంతవరకు చేయగలదో చూసే మార్కులు వేశాం. రూపంలో ఒకేలా ఉన్నాయి కదా అని వేసే వాటికి మా దగ్గర మార్కులు తక్కువే.

ముందు శొంఠి పొడి. పచ్చి అల్లం లేనప్పుడు అందరూ తీసే డబ్బా ఇదే. తురిమిన అల్లం ఒక టేబుల్ స్పూన్ పడాల్సిన చోట పావు టీస్పూన్‌తో మొదలుపెట్టండి. మరీ తక్కువ అనిపిస్తుంది గానీ, అల్లం ఎండేటప్పుడు అందులో ఘాటునిచ్చే జింజెరాల్ కొంత షోగాల్ అనే ఇంకో పదార్థంగా మారుతుంది, దాని ఘాటు ఇంకా ఎక్కువ. పచ్చి అల్లానికుండే నిమ్మలాంటి వాసన మాత్రం ఎండడంతో చాలావరకు పోతుంది. అందుకే టీలో, కేకులో, బెల్లం పడే వాటిలో శొంఠి పచ్చి అల్లం కన్నా బాగా కుదురుతుంది. అల్లం ముద్దను వేయించి కూరకు దన్ను తెచ్చుకునే చోట మాత్రం ఇది చాలదు, ముద్దలో ఉండే పీచూ తడీ పొడిలో ఉండవు. ఆ లోటుకు ఉల్లిపాయ ఇంకొంచెం వేసి బాగా మగ్గనివ్వాలి. పొడిని నేరుగా కాగిన నూనెలో వేస్తే క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. కూరలో నీళ్లు పోశాకే వేయండి.

వెల్లుల్లి పొడిదీ అదే తంతు. మామూలు సైజు రెబ్బ ఒకదానికి టీస్పూన్‌లో ఎనిమిదో వంతు చాలు. రెండు చెంచాల చల్లటి నీళ్లలో కలిపి కాసేపు ఉంచితే వాసన మేలుకుంటుంది, మాడే భయమూ తగ్గుతుంది. వేయించిన రెబ్బల కమ్మదనం దీని నుంచి ఆశించకండి. సూప్‌కీ, మాంసానికి పట్టించే పొడి మసాలాకీ బాగుంటుంది, తాలింపుకి సున్నా. కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి: వెల్లుల్లి ఉప్పు అని అమ్మే సీసా కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, దానిలో ఎక్కువ భాగం ఉప్పే. అది పడిందంటే కూరలో వేరే ఉప్పు వేయకముందే రుచి చూడాలి.

ఇంగువ లేనప్పుడు వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి చెరో రెండు చిటికెలు కలిపి వేయమంటారు. వాసన పరంగా సబబే. ఇంగువ ఘాటు గంధకం ఉన్న పదార్థాల వల్ల వస్తుంది, ఉల్లి వెల్లుల్లి వాసనకీ మూలం అవే. కానీ ఉల్లి, వెల్లుల్లి తినకూడదనే ఇంగువ వాడే ఇళ్లలో ఈ సలహా ఎందుకూ పనికిరాదు, అక్కడ జీలకర్ర కాస్త పెంచి ఊరుకోవడమే మేలు. ఇంకో మాట. పొడి ఇంగువ డబ్బాలో ఇంగువతో పాటు గోధుమ పిండో బియ్యప్పిండో, బంకో కలిసి ఉంటాయి. గోధుమ పడనివాళ్లు లేబుల్ చదవకుండా కొనకూడదు. ముద్ద ఇంగువకు అలవాటుపడ్డవాళ్లు పొడికి మారితే కొలత పెంచాలి. పొడి నుంచి ముద్దకు మారితే మిరియపు గింజలో సగమంత చాలు, ఇంకాస్త పడిందా కూరంతా చేదే.

ఈ వరుసలో ఎక్కువ మార్కులు లవంగం బదులు వేసే ఆల్‌స్పైస్‌వి. ఇది నాలుగు దినుసులు కలిపిన పొడి అని చాలామంది అనుకుంటారు, నిజానికి ఒకే చెట్టు కాయల్ని ఎండబెట్టినవి. లవంగానికి ఆ వాసన తెచ్చే యూజినాల్ దీనిలోనూ ప్రధానంగా ఉంటుంది. అందుకే లవంగం పొడి పావు టీస్పూన్ చోట ఇది అర టీస్పూన్ వేస్తే తేడా పట్టుకోవడం కష్టం, నాలుక మొద్దుబారే ఆ గుణం ఒక్కటే తగ్గుతుంది. తలకిందులుగా ఆల్‌స్పైసే లేకపోతే, ఒక టీస్పూన్‌కి దాల్చినచెక్క పొడి అర టీస్పూన్, లవంగం పొడి పావు, జాజికాయ పొడి పావు కలుపుకోండి. గింజల్నే కొనుక్కుంటే ఎక్కువకాలం నిలుస్తాయి. కొట్టిన పొడి గాలికి వాసన త్వరగా వదిలేస్తుంది.

జాజికాయ, జాపత్రి ఒకే కాయలోవి: ఒకటి గింజ, ఇంకోటి ఆ గింజకు చుట్టుకున్న ఎర్రటి వల. ఒకదాని బదులు ఇంకోటి అదే కొలతలో వేయవచ్చు, జాపత్రి వాసన కాస్త సున్నితం. జాజికాయ తురుము దించే ముందు పడితే బాగుంటుంది, జాపత్రి రేకను మాత్రం మొదట్లోనే వేసి చివర్లో తీసేయవచ్చు. జాజికాయ చిటికెల లెక్కలో వాడేదని మరవద్దు. వాసన రాలేదని చెంచాల కొద్దీ వేస్తే వికారం, తల తిరగడం, భ్రమలు కూడా కలుగుతాయి.

అనాసపువ్వు, సోంపు చూడ్డానికి చుట్టాలు కావు, వాసనకి మాత్రం అన్నదమ్ములు. రెండింటిలోనూ ఆ వాసననిచ్చే అనెథాల్ ఉంది. ఒక పువ్వుకి ముప్పావు టీస్పూన్ దంచిన సోంపు సరిపోతుంది, కాకపోతే తీపి ఎక్కువ, ఘాటు తక్కువ. గట్టి పువ్వు రసం దిగాలంటే చాలాసేపు ఉడకాలి, దంచిన సోంపు పది నిమిషాల్లోనే వాసన ఇచ్చేస్తుంది కాబట్టి ఆలస్యంగా వేయాలి. విడిగా అమ్మే అనాసపువ్వు కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: దీనికి అచ్చం పోలిక ఉన్న జపాన్ రకం ఒకటుంది, అది విషం. కంటితో తేడా కనిపెట్టలేం. ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉన్న ప్యాకెట్ తప్ప వేరేది వద్దు.

జీలకర్రకు బదులుగా పాశ్చాత్య వంటల్లో వాడే కారవే గింజలు వేస్తుంటారు, రెండూ పొడుగ్గా, గీతలతో కనబడతాయి కదా అని. పోలిక అంతటితో సరి. జీలకర్రది మట్టి వాసన కలిసిన ఘాటు, కారవేది సోయికూర గింజల వాసన. జీలకర్ర టీస్పూన్ పడాల్సిన చోట కారవే అర టీస్పూన్ దాటకూడదు, మిగతా అరకు ధనియాల పొడి వేసుకుంటే పులుసు కూరల్లో గట్టెక్కుతుంది. వాము అయిపోతే మాత్రం బెంగ అక్కర్లేదు. పాశ్చాత్య వంటల్లో వేసే ఎండు థైమ్ ఆకులోనూ వాముకు వాసననిచ్చే థైమాలే ఉంది, అదే కొలతలో వేయండి, రొట్టెల పిండిలో అయితే ఆకుని నలిపి కలపండి.

బాగా నిరాశపరిచేది కుంకుమపువ్వు బదులు పసుపు. రంగు ఒక్కటే వస్తుంది, అదీ సగమే. కుంకుమపువ్వు రంగు నీళ్లలో, పాలలో చక్కగా విడిపోతుంది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, నూనెలోనో నెయ్యిలోనో మాత్రమే దిగుతుంది, అందుకే పాలలో వేసిన పసుపు అడుగుకు చేరుతుంది. కుంకుమపువ్వు వాసన, ఆ చిరుచేదు వేరే పదార్థాలవి, పసుపులో అవి లేవు. తప్పనిసరైతే ఇలా: అర టీస్పూన్ నెయ్యిలో చిటికెలో సగం పసుపు వేయించి పాలలో కలిపి, వాసన కోసం యాలకుల మీద ఆధారపడండి. కేకు పిండిలో మరింత జాగ్రత్త అవసరం. వంట సోడా గడ్డలుగా మిగిలిన చోట పసుపు ఎర్రబడి, కోసినప్పుడు ఇటుక రంగు మచ్చలుగా కనబడుతుంది. పిండి చెడిపోయిందని పారేస్తుంటారు గానీ, సోడా క్షారానికి పసుపు రంగు మారిందంతే. కుసుమ పూరేకుల్ని కుంకుమపువ్వంటూ అంటగట్టేవాళ్లూ ఉన్నారు, వాటికి రంగే తప్ప వాసన లేదు.

ఆవాల పొడి డబ్బా తాలింపుకు పనికిరాదు, నూనెలో పడగానే మాడుతుంది. దాని ఘాటు బయటికి రావాలంటే చల్లటి నీళ్లతో కలిపి పది నిమిషాలు వదిలేయాలి. వేడి నీళ్లు పోస్తే ఘాటు పుట్టించే ఎంజైమ్ చచ్చిపోయి చేదు మాత్రమే మిగులుతుంది. సలాడ్‌కీ, ఊరబెట్టే వాటికీ బాగానే ఉంటుంది. చిటపటలాడే గింజల కమ్మదనం కావాలంటే జీలకర్రతోనే తాలింపు పెట్టుకోండి.

మిరప్పొడికి మిరియాలు బదులు వేయడం ఆపద్ధర్మం. మిరప కారం నూనెలోకి దిగి వంటంతా పరుచుకుంటుంది, ఎర్రటి రంగూ ఇస్తుంది. మిరియాలు ఎక్కువసేపు ఉడికితే వాసన ఎగిరిపోతుంది, కూర రంగు మసకబారుతుంది. సగం మొదట్లో, సగం దించేటప్పుడు వేయండి. రంగు కూడా కావాలంటే పాప్రికా (కారం తక్కువగా ఉండే ఎర్ర మిరప పొడి) ముప్పావు టీస్పూన్‌కి మిరియాల పొడి పావు. పాప్రికాను సన్న మంటమీద నూనెలో కలపాలి, మంట పెరిగితే అది నల్లబడి చేదవుతుంది.

ఇక అన్నిటికీ ఒకే మందులా అమ్మే రెడీమేడ్ మసాలా పొడుల సంగతి. లవంగం లేదని ఒక చెంచా కలిపిన మసాలా వేస్తే, లవంగంతో పాటు ధనియాలు, జీలకర్ర, మిరియాలు కూడా వచ్చిపడతాయి. అప్పటికే కూరలో అవి ఉంటే రెండింతలవుతాయి. వాడక తప్పదంటే కూరకు వేయాల్సిన ధనియాలు, జీలకర్ర తగ్గించి, దీన్ని సగం కొలతలో చివర్లో వేయండి. కొనేముందు వెనక్కి తిప్పి దినుసుల వరుస చూడండి. ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయడం మామూలు. ముందు ఉప్పు ఉంటే ఆ ప్యాకెట్‌ను అక్కడే పెట్టేయండి. ధనియాలు ముందుంటే కూరల్లో నెట్టుకురావచ్చు గానీ, తీపి వంటల దగ్గరికి రానివ్వకండి.