ఇంటికొచ్చి నేర్పే డాగ్ ట్రైనర్: పనికి ఫుల్ మార్కులు, టైముకి సున్నా

మా జర్మన్ షెపర్డ్ పిల్ల కోసం విజయవాడలో ఇంటికొచ్చే ట్రైనర్‌ని పెట్టుకున్నాం. కర్ర పట్టడు, ఉడికించిన చికెన్ ముక్కలతోనే పని. కుక్క లాగి లీష్ (పట్టుకునే తాడు) బిగుసుకుంటే మనం ఆగిపోవాలి, వదులైతేనే అడుగెయ్యాలి. ఈ ఒక్కదానికే డబ్బులు గిట్టుబాటయ్యాయి, ఇప్పుడు అమ్మ కూడా వీధిలోకి తీసుకెళ్తోంది. టైల్స్ మీద కాళ్లు జారకుండా రబ్బరు మ్యాట్లు వేయించాడు. పెద్ద జాతి పప్పీ ఫుడ్ పెడుతుంటే విడిగా కాల్షియం సిరప్ వద్దన్నాడు, మా వెటర్నరీ డాక్టరుగారిదీ అదే మాట.

నచ్చనిది: ఆరింటికి రమ్మంటే ఏడున్నరకి వస్తాడు, ఫోనెత్తడు. ఫీజంతా ముందే అడుగుతాడు, సగమే ఇవ్వండి. ఎముకలు ఎదిగే వయసు, ఏడాది దాటేదాకా ఎత్తునుంచి గెంతించొద్దన్నాడు. సోఫా మీంచి దూకించే ఆట ఆగిపోయిందని మా అబ్బాయికి మాత్రం ఆయనంటే కోపం.