ఢిల్లీలో ఒకటో టెర్మినల్ నుంచి మూడో టెర్మినల్‌కు: మా లండన్ ప్రయాణం

మా అమ్మాయి పురుటికని మొన్న డిసెంబరులో ఒడిశాలోని బరంపురం నుంచి లండన్ బయలుదేరిన మేము ముగ్గురం, అంటే నేను, మా వారు, ఇంట్లో ఒంటరిగా విడిచి రాలేక వెంట తీసుకువెళ్లిన మా అత్తయ్యగారు, ఢిల్లీలో నాలుగే నాలుగు నిమిషాల తేడాతో విమానం అందుకున్నాం. సామాను అప్పగించే చెకిన్ కౌంటరు మధ్యాహ్నం 2.15కు మూసేస్తారు, మేము దాని ముందు నిలబడేసరికి 2.11 అయింది. ఆ రోజు పొగమంచు వల్ల ఆలస్యమైన మాట నిజమే. కాని మమ్మల్ని అంత దూరం తెచ్చింది పొగమంచు కాదు, మా ఊళ్ళో టికెట్లు తీసి ఇచ్చిన ఏజెంటు చెప్పిన ఒక్క మాట. మా గంజాం జిల్లాలో పిల్లల్ని విదేశాలకు పంపి, ఏడాదికో రెండేళ్ళకో చూడడానికి వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక, ఈ సంగతి ఉన్నది ఉన్నట్టుగా రాస్తున్నాను.

భువనేశ్వర్ నుంచి లండన్‌కు నేరుగా విమానం లేదు. ఎక్కడో ఒకచోట మారాలి. మా ఏజెంటు మా వారి చిన్ననాటి స్నేహితుడికి తమ్ముడు, అందుచేత మరొకరిని అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు. భువనేశ్వర్ నుంచి లండన్ దాకా ఒకే టికెట్టుగా తీస్తే ఎక్కువవుతుందనీ, భువనేశ్వర్ నుంచి ఢిల్లీకి ఒకటి, ఢిల్లీ నుంచి లండన్‌కు మరొకటి విడివిడిగా తీస్తే మనిషికి 4,200 రూపాయలు మిగులుతాయనీ చెప్పాడు. ముగ్గురికీ కలిపి 12,600. మొదటి టికెట్టు మీద టీ1 (ఒకటో టెర్మినల్) అని, రెండోదాని మీద టీ3 (మూడో టెర్మినల్) అని ఉండడం చూసి నేనే అడిగాను. "ఎయిర్‌పోర్టు ఒకటేనండి, దిగి అటు నడిచి వెళ్ళిపోవడమే" అన్నాడు.

ఆ మాట మేము నమ్మడానికి కారణం ఉంది. మాకు తెలిసిన విమానాశ్రయం భువనేశ్వర్ ఒక్కటే. అక్కడ కూడా రెండు టెర్మినళ్ళు ఉన్నాయి, ఒకటి దేశీయ ప్రయాణాలకు, రెండోది విదేశాలకు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. టెర్మినల్ అంటే ఒకే ఇంటికి ఉన్న వీధి గుమ్మం, పెరటి గుమ్మం వంటిదని మా మనసులో నాటుకుపోయింది.

బరంపురం నుంచి కారులో బయలుదేరేసరికి రాత్రి రెండు గంటలు. కారుకు 4,200 రూపాయలు. చిలికా సరస్సు పక్కగా వెళ్ళే దారంతా చీకటిలోనే గడిచిపోయింది, ఆరు గంటలకల్లా విమానాశ్రయంలో ఉన్నాం. అసలు కథ సామాను తూకం దగ్గర మొదలైంది. లండన్ టికెట్టు మీద మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి తీసుకువెళ్ళవచ్చు. మేము ఆ లెక్కకు చాలా లోపలే ఉండి, ముగ్గురికీ కలిపి 71 కిలోలే కట్టాం. కాని దేశీయ టికెట్టు వేరే కనుక దాని మీద మనిషికి 15 కిలోలే. ముగ్గురికి 45. మిగిలిన 26 కిలోలకు కిలోకు 600 చొప్పున 15,600 రూపాయలు కట్టమన్నారు. కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే చెప్పింది, తప్పు ఆమెది కాదు. ఒకే టికెట్టుగా ఉంటే లండన్ లెక్కే మొదటి నుంచీ వర్తించేదని కూడా ఆమే చెప్పింది. మిగిలాయన్న 12,600 పోయి, పైన మూడు వేలు చేతినుంచి పెట్టుకున్నాం. మా వారు కార్డు ఇచ్చి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని, ఆ తరువాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

మరో పావుగంటకు మా పేరు పిలిచారు. పెట్టెలో కొబ్బరి కురిడీలు ఉన్నాయట. బాలింతకు పనికి వస్తాయని అత్తయ్యగారు పసుపు రాసిన పాత చీర ముక్కలో ఏడు కురిడీలు మూటకట్టి, కాయం డబ్బాకూ కందిపొడికీ మధ్య పెట్టారు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ కాబట్టి నిప్పు అంటుకునే వస్తువు కింద లెక్కిస్తారు, విమానంలో పోనివ్వరు. నేను మూట విప్పి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెడుతుంటే, అత్తయ్యగారు ఖాళీ గుడ్డను మాత్రం తిరిగి అడిగి తీసుకుని మడిచి కొంగున కట్టుకున్నారు. మా ఊరి ఆవకాయ, అప్పడాలు, వడియాలు మాత్రం పెట్టెలో నిక్షేపంగా వెళ్ళాయి. నూనె ఉన్న ఊరగాయను చేతి సంచిలో పెట్టకండి, తనిఖీలో తీసేస్తారు. పవర్ బ్యాంకుకు దీనికి సరిగ్గా వ్యతిరేక నియమం: అది చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో ఉండకూడదు.

విమానం 8.40కి లేవాలి. ఢిల్లీలో మంచు కారణంగా 10.30కు లేచింది. కాగితం మీద మాకు ఢిల్లీలో నాలుగు గంటల వ్యవధి ఉంది, దిగేసరికి అది రెండు గంటల ఇరవై నిమిషాలయింది. మా లండన్ విమానానికి కౌంటరు గంట ముందే మూసేస్తారు కనుక నిజానికి మా చేతిలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలే. బెల్టు మీద మా నాలుగో పెట్టె వచ్చేసరికి 1.35 అయింది. విడివిడి టికెట్లకు ఉన్న మరో పెద్ద చిక్కు ఇదే. సామాను తనంతట తాను రెండో విమానానికి చేరదు. మనమే తీసుకుని, బయటికి వచ్చి, మళ్ళీ మొదటి నుంచీ అప్పగించాలి.

మూడో టెర్మినల్‌కు దారి ఎటు అని అక్కడి ఉద్యోగిని అడిగితే ఆయన మా ముగ్గురినీ, ట్రాలీలనూ, అత్తయ్యగారి చేతికర్రనూ చూసి, "బయటికి వెళ్ళి బస్సో టాక్సీయో ఎక్కాలి, చాలా దూరం" అన్నాడు. నా కాళ్ళలో సత్తువ పోయింది. ఢిల్లీ విమానాశ్రయంలో రెండో టెర్మినల్, మూడో టెర్మినల్ నడిచి వెళ్ళేంత దగ్గరగా ఉన్నాయి. ఒకటో టెర్మినల్ మాత్రం కొన్ని కిలోమీటర్ల అవతల, విమానాశ్రయానికి మరో వైపున ఉంది. మధ్యలో లోపలి నడకదారి లేదు, ఊరి రోడ్డు మీదుగానే వెళ్ళాలి. రెండింటికీ మెట్రో స్టేషన్లు ఉన్నాయి కాని అవి ఒకే లైనువి కావు. ఒకటో టెర్మినల్‌ది మెజెంటా లైను, మూడోదానిది ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైను. ఒకదాని నుంచి మరొకదానికి రావాలంటే నగరం చుట్టి రావాలి, పెట్టెలతో, పెద్దవాళ్ళతో అది అయ్యే పని కాదు.

అత్తయ్యగారికి వీల్‌చైర్ కూడా పెట్టించానని ఏజెంటు చెప్పాడు. భువనేశ్వర్ నుంచి ఢిల్లీ టికెట్టులో ఉంది, ఆ కుర్చీలోనే ఆమెను ఒకటో టెర్మినల్ గుమ్మం దాకా తెచ్చారు. అక్కడితో ఆ విమాన సంస్థ బాధ్యత తీరిపోయింది. కుర్చీ తెచ్చిన కుర్రవాడు మంచివాడే, పాపం తనకు బయటికి రావడానికి వీలు లేదని చెప్పి, ఆమెను లేవదీసి సిమెంటు అరుగు మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. ఒక టెర్మినల్‌కూ మరో టెర్మినల్‌కూ నడుమ ఉన్న ఆ దూరంలో మనకు ఎవరూ దిక్కు ఉండరు. మోకాళ్ళ నొప్పులున్న 76 ఏళ్ళ మనిషి చలిలో శాలువా కప్పుకుని ఆ అరుగు మీద కూర్చుని, "విమానం వెళ్ళిపోతే ఇంటికి పోదాం, నా వల్ల మీకు ఆలస్యం" అన్నారు. ఆ మాట విన్నాక ఏజెంటు మీద నాకు కలిగిన కోపం నేటికీ చల్లారలేదు.

తొందరలో మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. టెర్మినళ్ళ మధ్య షటిల్ బస్సు ఉంది, ప్రీపెయిడ్ టాక్సీ కౌంటరు ఉంది. ఆ రెండింటి కోసం వెతకకుండా, తనంతట తానే దగ్గరికి వచ్చి ట్రాలీ పట్టుకున్న మనిషి వెంట వెళ్ళాం. 1,500 రూపాయలు అన్నాడు, మా వారు 1,200కు ఒప్పించారు. దిగేటప్పుడు పార్కింగ్‌కు మరో 200 అడిగి, డిక్కీ తెరవకుండా నిలబడ్డాడు. గడియారం 2.03 చూపిస్తోంది. ఇచ్చేశాం. అలా వచ్చి ట్రాలీ పట్టుకునే వాళ్ళ వెంట ఎంత తొందరలో ఉన్నా వెళ్ళవద్దు.

మూడో టెర్మినల్ గుమ్మం దగ్గర విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ జవాను పాస్‌పోర్టులూ టికెట్టూ చూస్తూ, అత్తయ్యగారు గోడ పట్టుకుని నిలబడి ఉండడం గమనించి, మమ్మల్ని పక్క వరుసలోకి రమ్మని చేయి ఊపాడు. ఆ ఒక్క చేయి ఊపడంతో మాకు కనీసం పది నిమిషాలు కలిసివచ్చాయి. ఆయన పేరు అడిగే వ్యవధి కూడా లేకపోయింది. 2010లో తెరిచిన ఈ టెర్మినల్‌లో 168 చెకిన్ కౌంటర్లు ఉన్నాయి. లోపలికి అడుగు పెడితే ఎటు చూసినా అక్షరాలు రాసిన వరుసలే. పెద్ద తెర మీద ముందు విమానం నంబరు వెతుక్కుని, దాని ఎదురుగా ఉన్న అక్షరం చూసుకుని వెళ్ళాలి. విమాన సంస్థ బోర్డు కోసం వెతుక్కుంటూ నడిస్తే పావుగంట అలాగే పోతుంది. నేను తెర చూస్తుంటే మా వారు ట్రాలీతో వ్యతిరేక దిక్కుకు పరుగెత్తారు, గొంతెత్తి పిలవాల్సి వచ్చింది. కౌంటరు దగ్గరికి చేరాక అంతా సవ్యంగా జరిగింది. సామానుకు ఒక్క రూపాయి అడగలేదు, అత్తయ్యగారికి వీల్‌చైర్ అప్పటికప్పుడు రప్పించారు. ఆ కుర్చీ పుణ్యమా అని ఇమిగ్రేషన్‌లోనూ భద్రతా తనిఖీలోనూ ప్రత్యేక వరుస దొరికింది, లేకపోతే కౌంటరు అందినా విమానం అందేది కాదు. వీల్‌చైర్ సేవకు డబ్బు కట్టనవసరం లేదు, కాని టికెట్టు తీసేటప్పుడే నమోదు చేయించి, రెండు రోజుల ముందు విమాన సంస్థకు మీరే ఫోను చేసి ఉందో లేదో కనుక్కోండి. మా లండన్ టికెట్టులో అది నమోదు కాలేదని కౌంటరులో తెలిసింది.

గేటు వరకు నడక కూడా తక్కువేమీ కాదు. కదిలే నడకదారులు ఉన్నాయి గనుక నేనూ మా వారూ నిలదొక్కుకోగలిగాం. ఢిల్లీలో విమానం ఎక్కమని మైకులో పిలవరు, తెరలు చూసుకుంటూ ఉండాల్సిందే. గేటు మారినా తెర మీదే తెలుస్తుంది. విమానంలో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక అత్తయ్యగారు సంచిలోంచి పులిహోర డబ్బా తీశారు. తెల్లవారుజామున కలిపిన పులిహోర, చింతపండు బాగా పట్టి, పల్లీలు మెత్తబడకుండా ఉంది. మా వారు రెండు ముద్దలు తిన్నాక, భువనేశ్వర్ తూకం దగ్గర మూసిన నోరు తెరిచి, "తప్పు నాదే, వాణ్ణి నమ్మాను" అన్నారు. నేనేమీ అనలేదు.

లండన్‌లో దిగడం, ఇల్లు చేరడం, ఫిబ్రవరి దాకా మనవరాలితో గడపడం అన్నీ హాయిగా సాగాయి.

తిరుగు ప్రయాణపు టికెట్లు మా అమ్మాయి తీసింది. లండన్ నుంచి భువనేశ్వర్ దాకా ఒకే పీఎన్ఆర్, ఢిల్లీలో దిగేదీ ఎక్కేదీ రెండూ మూడో టెర్మినలే. విడిగా తీస్తే అయ్యేదాని కంటే మనిషికి 3,100 రూపాయలు ఎక్కువయింది. ఢిల్లీలో దిగి ఇమిగ్రేషన్ హాల్లోకి రాగానే కౌంటర్ల పైన గోడకు అమర్చిన, నాట్య ముద్రలు పట్టిన పెద్ద పెద్ద చేతుల శిల్పాలు కనిపించాయి. అత్తయ్యగారు కుర్చీలోంచే అభయ ముద్ర చూసి చేతులు జోడించారు. పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, అదే భవనంలో ఉన్న ట్రాన్స్‌ఫర్ కౌంటరులో వాటిని తిరిగి అప్పగించి, లిఫ్టులో పైకి వెళ్ళి దేశీయ గేటు చేరాం. మొత్తం గంటా పది నిమిషాలు పట్టింది. చలిలో బయటికి రాలేదు, టాక్సీ ఎక్కలేదు, ఎవరినీ బతిమాలలేదు. ఈసారి ఒక్కో ఇడ్లీ ప్లేటుకు 330 రూపాయలు పెట్టి కూర్చుని తిన్నాం. ఇడ్లీ గట్టిగా ఉంది, సాంబారు మాత్రం వేడిగా ఉంది.

ఊరికి వచ్చిన వారానికి 15,600 రూపాయల సామాను రసీదూ, లండన్ టికెట్టులో వీల్‌చైర్ నమోదు కాలేదన్న కాగితమూ పట్టుకుని ఏజెంటు దుకాణానికి వెళ్ళాను. మా వారు రాలేదు, రేపు స్నేహితుడి మొహం చూడాలి కదా అని ఆగిపోయారు. అతను కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, ఎయిర్‌పోర్టు ఒకటే కదండీ అని మళ్ళీ అదే అన్నాడు. ఒకటో టెర్మినల్ అరుగు మీద మా అత్తయ్యగారు ఎంతసేపు కూర్చున్నారో చెప్పాను. డబ్బు ఇవ్వనన్నాడు. నేను మాట్లాడుతున్నప్పుడు పక్క కుర్చీలో ఒక పెద్దాయన భార్యతో కూర్చుని కెనడా టికెట్ల కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన చేతిలోని కాగితం ఇటు ఇవ్వమని అడిగి, రెండు విమానాల దగ్గరా టెర్మినల్ నంబరు ఎక్కడ రాసి ఉంటుందో వేలు పెట్టి చూపించి వచ్చాను.