బొమ్మ సైనికుల చేతిపట్టీలకు డెకాల్ షీటు: చాలాకాలం వాడాక

ఈ షీటులో తెలుపు తెలుపు కాదు. నా ఫిర్యాదంతా అదే.

నేను 1/35 సైజులో రెండో ప్రపంచయుద్ధం నాటి భారత సైనికుల బొమ్మలకు రంగులు వేస్తాను. వాళ్ల హోదా చెప్పేది జబ్బ మీది V ఆకారపు తెల్ల పట్టీలే: లాన్స్ నాయక్‌కు ఒక పట్టీ, నాయక్‌కు రెండు, హవల్దార్‌కు మూడు, అన్నీ మొన కిందికి. మనిషే ఐదు సెంటీమీటర్లుంటే ఇక జబ్బ మీద పట్టీలెంతుంటాయి! అందుకే రెడీమేడ్ డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే అచ్చుగుర్తులు, కొన్నాను. కొలతకు, కోణానికి వంక పెట్టలేం. మొదట్లో అడిగినవాళ్లందరికీ ఇవే కొనమని చెప్పాను.

యశ్వంత్ ఘాడ్గే బొమ్మ దగ్గర అసలు సంగతి బయటపడింది. 5వ మరాఠా లైట్ ఇన్‌ఫెంట్రీలో నాయక్. 1944 జూలై 10న ఇటలీలో, ఎగువ టైబర్ లోయలో, తన సెక్షన్‌లో (తన చిన్న దళంలో) మిగతావాళ్లంతా పడిపోతే ఒక్కడే మెషిన్‌గన్ మీదికి దూకి, దాన్ని పట్టుకుని, చివరికి శత్రువుల తూటాలకు చనిపోయాడు. మరణానంతరం బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అలాంటివాడి చేతి మీద పట్టీలు సరిగ్గా లేకపోతే ఎలా?

ఖాకీ మీద గ్లాసీ వార్నిష్ కొట్టి, డెకాల్‌ని నీళ్లలో నాననిచ్చి, ట్వీజర్‌తో మెల్లగా జరిపి పెట్టాను. తడిగా ఉన్నంతసేపు బ్రహ్మాండం. ఆరేసరికి అడుగున ఉన్న ఖాకీ పైకి కనబడి, పట్టీలు మాసిన బనీను రంగుకు దిగిపోయాయి. దాని మీదే ఇంకోటి అతికిస్తే అంచు మందంగా తేలింది.

పీకేసే ముందు ఒక ప్రయత్నం చేశాను. డెకాల్ మీదే సన్న బ్రష్‌తో ఐవరీ రంగు, పల్చగా, రెండు పూతలు. కింద గీత ఉంది కాబట్టి చెయ్యి పక్కకు పోలేదు. పట్టీల మధ్య సందులో ముదురు ఖాకీ గీత ఒకటి లాగగానే, విడిగా గుడ్డ కత్తిరించి కుట్టినట్టు తేలింది! చొక్కా ముడతలోకి డెకాల్ దిగదు, రంగు దిగుతుంది. అప్పటి నుంచి నా హవల్దార్లందరికీ ఇదే పద్ధతి.

కొలత బాగుందన్న మాట పట్టీల వరకే. జమేదార్ భుజం మీది నక్షత్రం, సుబేదార్‌వి రెండు, షీటులో ఉన్నా ఆరాక ఆనవు. బ్రష్ మొనతో చుక్క పెట్టుకోవడమే నయం. షీటు పాతబడ్డాక నీళ్లలో ముక్కలవుతోంది. కత్తిరించే ముందు షీటు మీద ఒక పూత వార్నిష్ కొడితే నిలుస్తోంది. అతికించేటప్పుడు మొన పైకి తిరిగిందా, మన నాయక్ కాస్తా అమెరికన్ కార్పొరల్ అయిపోతాడు, చూసుకోండి.

నాకు చత్వారం వచ్చింది, గీతకు ఆధారం కావాలి, కాబట్టి మళ్లీ కొంటాను. చెయ్యి కుదురుగా ఉన్నవాళ్లకు అక్కర్లేదు. 28 మి.మీ. బొమ్మలు చేసేవాళ్లయితే అసలు కొనకండి. కొనేవాళ్లు కూడా ఇద్దరు కలిసి ఒక షీటు తీసుకుంటే సరిపోతుంది, నాది సగం అలాగే మిగిలింది.