హోటల్ గది తలుపుకు లోపలి గడియ గట్టిగా లేకపోతే ఆ గది తీసుకోకండి

ఇటీవల నేను బస చేసిన ఒక హోటల్‌లో, అర్ధరాత్రి దాటాక నేను గాఢనిద్రలో ఉండగా, ముక్కూమొహం తెలియని వ్యక్తి ఒకరు కీ కార్డుతో నా గది తలుపు తెరుచుకుని లోపలికి వచ్చేశారు. ఆయన దొంగ కాదు. చేతిలో సూట్‌కేసుతో, నాకంటే ఎక్కువ కంగారుపడుతూ నిలబడిపోయిన తోటి ప్రయాణికుడు. రిసెప్షన్‌లో ఆయనకు నా గది నంబరుకే కార్డు తయారు చేసి ఇచ్చారు. కంప్యూటర్‌లో ఆ గది ఖాళీగా చూపించిందన్నదే వారి సంజాయిషీ.

పడుకునే ముందు నేను లోపలి గడియ వేసుకునే ఉన్నాను. అయినా ఒక్క తోపుకే తలుపు తెరుచుకుంది. లైటు వేసి చూస్తే, ఆ గడియ పట్టీ ద్వారబంధం నుంచి ఊడి వేలాడుతోంది. అంతకుముందే ఎప్పుడో ఒకసారి ఊడిన పట్టీని, చెక్క పొట్టుగా మారిన పాత రంధ్రాల్లోనే మళ్లీ స్క్రూలు దూర్చి నిలబెట్టి, పైన రంగు పూసి వదిలేశారు. కార్డు పొరపాటుగా ఇవ్వడం కంటే నాకు ఎక్కువ ఆగ్రహం కలిగించింది ఇదే. మొదటిది ఒక ఉద్యోగి తొందరపాటు కావచ్చు, రెండోది మాత్రం తెలిసి తెలిసి చేసిన మోసం.

ఎలక్ట్రానిక్ తాళం ఉంది కదా అన్న ధీమా చాలామందికి ఉంటుంది. ఆ తాళం ఉన్నది హోటల్ వారి సౌకర్యం కోసం కూడా అన్న సంగతి మరవకూడదు. శుభ్రం చేసేవారి దగ్గర, మేనేజర్ల దగ్గర మాస్టర్ కీలు ఉంటాయి, రిసెప్షన్‌లో క్షణాల్లో కొత్త కార్డు తయారవుతుంది. పైగా తాళాల్లోనే లోపాలు బయటపడిన సందర్భాలున్నాయి. డోర్మకాబా సంస్థ తయారు చేసే సాఫ్‌లాక్ తాళాలను నకిలీ కార్డుల జతతో తెరవవచ్చని భద్రతా పరిశోధకులు 2024 మార్చిలో వెల్లడించారు. 131 దేశాల్లోని 13,000 భవనాల్లో 30 లక్షలకు పైగా తలుపులకు అప్పట్లో అవే తాళాలు ఉండేవి. మరమ్మతు మొదలైనా, ఆ నాటికి మూడో వంతుకు కాస్త ఎక్కువ తాళాలే సరిచేయబడ్డాయి. ఆ నకిలీ కార్డు తాళంలో భాగమైన డెడ్‌బోల్టును (లోపలి నుంచి తిప్పి వేసుకునే అదనపు గడియను) కూడా వెనక్కి తీయగలదు. తాళంతో సంబంధం లేకుండా విడిగా బిగించిన గొలుసు గానీ గడియ గానీ ఎందుకు అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అందువల్ల గదిలో అడుగుపెట్టగానే, సామాను విప్పకముందే, లోపలి గడియను వేసి తలుపును గట్టిగా లాగి చూడండి. పట్టీ కదిలినా, స్క్రూ తల పైకి లేచినా, బయట ఎవరున్నారో చూసేందుకు తలుపులో ఉండే కంతకు మూత లేకపోయినా గది మార్చమని అడగండి. పక్క గదిలోకి తెరుచుకునే తలుపు ఉంటే దాన్నీ ఇలాగే పరీక్షించండి. గుర్తింపు కార్డు చూడకుండా నా గదికి రెండో కార్డు ఎవరికీ ఇవ్వవద్దని చెక్ ఇన్ సమయంలోనే చెప్పండి. గది నంబరును పదిమందిలో పైకి చదివితే, వేరే గది ఇచ్చి నంబరు కాగితం మీద రాసివ్వమనండి. ఇలా అడగడం అమర్యాదేమీ కాదు.

గదిలోని లాకరునూ పూర్తిగా నమ్మవద్దు. మనం పెట్టుకున్న నంబరు మరిచిపోతే సిబ్బంది తెరవడానికి వాటికి మరొక కోడ్ ఉంటుంది, కొన్నిచోట్ల ఫ్యాక్టరీలో పెట్టిన వరుస సున్నాల కోడే మార్చకుండా వదిలేస్తారు. మీ నంబరుతో మూసి, ఆరు సున్నాలు నొక్కి చూడండి. తెరుచుకుంటే అందులో పాస్‌పోర్టు పెట్టకండి. రాత్రివేళ రిసెప్షన్ నుంచి అంటూ ఫోన్ చేసి బ్యాంకు కార్డు వివరాలు అడిగితే ఆ కాల్ కట్ చేసి, మీరే కిందికి వెళ్లి కనుక్కోండి.

నాకు ఎదురైనట్లే మీకూ ఎదురైతే, తాళం రికార్డు చూపించమని అప్పటికప్పుడే అడగండి. చాలా ఎలక్ట్రానిక్ తాళాలు ఏ కార్డుతో ఎప్పుడు తెరిచారో నమోదు చేసుకుంటాయి, కానీ నమోదులు నిండేకొద్దీ పాతవి చెరిగిపోతాయి. నేను పట్టుబడితే ఉదయం ఆ రికార్డు తీశారు. అందులో నేను బయట ఉన్న మధ్యాహ్నం వేళ కూడా ఒక మాస్టర్ కీతో తలుపు తెరిచినట్లు ఉంది, అది ఎవరి చేతిలోనిదో చెప్పలేదు. ఊడిన పట్టీ ఫొటోలు, రికార్డు నకలు జతచేసి బుకింగ్ సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాను. డబ్బు ఇంకా తిరిగి రాలేదు. ఆ గదిని మాత్రం ఇప్పటికీ అద్దెకు ఇస్తూనే ఉన్నారు.