వీల్‌చైర్‌తో చాట్స్‌వర్తా, హార్డ్‌వికా, ఆస్బర్నా: ఏది మేలు?

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో దిగారంటే ఇంగ్లండ్‌లోని తెలుగు ఇళ్ళలో శుక్రవారం రాత్రి చర్చ ఒకటే: రేపు ఎక్కడికి తీసుకెళ్దాం? లండన్ చూసేశారు, గుడికి వెళ్ళొచ్చారు. అప్పుడు ఎవరో ఒకరు ఫలానా కంట్రీ హౌస్, అంటే పల్లెలోని పాత దొరల భవనం, బాగుంటుందట అంటారు. ఫోటోలో పెద్ద భవనం, పచ్చిక, ఫౌంటెన్ అన్నీ కనిపిస్తాయి. మెట్లు మాత్రం కనిపించవు.

ఆ వచ్చిన పెద్దవాళ్ళలో చాలామంది శంషాబాద్‌లో ఒకసారి, హీత్రూలో ఒకసారి వీల్‌చైర్ అసిస్టెన్స్ మీద వచ్చినవాళ్ళే. ఇంట్లో మాత్రం వీల్‌చైర్ ఊసెత్తనివ్వరు. "నాకేమైందని, నడుస్తాను" అంటారు. తీరా అక్కడికి వెళ్ళాక మెట్లు చూసి, "మీరు వెళ్ళి చూసి రండమ్మా, నేనిక్కడ కూర్చుంటా" అని బెంచీ వెతుక్కుంటారు. టికెట్ డబ్బుల సంగతి అటుంచి, ఆ మాట విన్నాక పైకి వెళ్ళినవాళ్ళకీ మనసు చూడటం మీద నిలవదు. ఇక రోజూ వీల్‌చైర్‌లోనే ఉండేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి నాలుగు మెట్లెక్కి చూద్దాం అనే అవకాశమే లేదు. ఈ రెండు రకాల వాళ్ళనీ దృష్టిలో పెట్టుకుని మూడు ఇళ్ళని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను: డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్, హార్డ్‌విక్ హాల్, ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని ఆస్బర్న్ హౌస్.

ముందుగా ఒక విషయం. ఈ మూడూ అక్కడి చట్టం ప్రకారం గ్రేడ్ 1 కట్టడాలే. అంటే అనుమతి లేకుండా వాటిలో పెద్ద మార్పులేవీ చేయకూడదు. "చారిత్రక కట్టడం కదా, లిఫ్టు ఎలా పెడతాం" అన్న మాట మనం ఎక్కడైనా వింటాం. మూడూ ఒకే గ్రేడ్‌లో ఉండి, రెండింట్లో లిఫ్టు ఉండి, మూడోదాంట్లో లేదంటే కారణం గ్రేడ్ ఒక్కటే కాదన్నమాట. ఇల్లు కట్టిన తీరు చూడాలి, వాడకుండా మిగిలిన జాగా చూడాలి, పెట్టుకునే డబ్బు చూడాలి. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం కూడా వికలాంగులు వచ్చి ఫిర్యాదు చేసేదాకా ఆగొద్దు, చేయగలిగిన మార్పులు ముందే ఆలోచించి చేయండి అంటుంది. చేయగలిగినంత అంటే ఎంత అన్న దగ్గరే ఒక్కో ఇంటి కథ ఒక్కోలా నడుస్తుంది.

అసలు ఈ ఇళ్ళకి ఇన్ని మెట్లెందుకు? చాలా కంట్రీ హౌస్‌లలో ముఖ్యమైన గదులు నేల మీద ఉండవు. కింద వంటిళ్ళు, నౌకర్లు. దొరలు, అతిథులు పైన. డెర్బీషైర్‌లోనే ఉన్న కెడిల్‌స్టన్ హాల్ ముందు నిలబడితే ఎత్తైన మెట్ల వరుస పైన స్తంభాలు కనిపిస్తాయి. అది వైస్రాయ్ కర్జన్ పుట్టినిల్లు. కలకత్తా గవర్నమెంట్ హౌస్‌ని దాన్ని చూసే కట్టారు. హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ కూడా ఆ తరహాదే. రెండు పక్కలా సింహాలు, మధ్యలో వెడల్పాటి మెట్లు, వాటి మీదుగా దర్బారు హాలు. వచ్చేవాడు తల ఎత్తి చూస్తూ పైకి ఎక్కాలన్నది ఆ డిజైన్ ఉద్దేశం. ఎక్కలేనివాళ్ళు వస్తారని అప్పట్లో ఎవరూ లెక్క వేయలేదు.

ఇప్పుడు చాట్స్‌వర్త్, హార్డ్‌విక్‌ల సంగతి. ఈ రెండింటినీ కలిపి చూడటానికి మంచి కారణం ఉంది. రెండూ ఒకే ఆవిడవి. బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే ఆవిడ 1549లో భర్త విలియం కావెండిష్‌తో కలిసి చాట్స్‌వర్త్ ఎస్టేట్ కొన్నది. నాలుగో భర్త పోయిన 1590లో తన పుట్టిన ఊరు హార్డ్‌విక్‌లో కొత్త భవనం మొదలుపెట్టి, 1597లో గృహప్రవేశం చేసింది. అప్పటికి ఆవిడకి డెబ్బై ఏళ్ళ దాకా ఉంటాయి. ఆ వంశం వాళ్ళే డెవన్‌షైర్ డ్యూకులయ్యారు. వారసత్వ పన్నుల బరువుతో హార్డ్‌విక్ 1959లో చారిత్రక కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వెళ్ళింది. చాట్స్‌వర్త్‌లో మాత్రం డ్యూకు కుటుంబం ఇప్పటికీ ఉంటోంది, ఇంటి నిర్వహణని ఒక చారిటబుల్ ట్రస్ట్ చూస్తోంది.

వీల్‌చైర్ లెక్కన చూస్తే చాట్స్‌వర్త్ చాలా ముందుంది. సందర్శకుల దారి మూడు అంతస్తుల్లో సాగుతుంది, పైకి వెళ్ళడానికి లిఫ్టు ఉంది. పదేళ్ళ పాటు సాగి 2018లో ముగిసిన పెద్ద మరమ్మతుల తర్వాత ఇల్లు మొత్తం మెరుగుపడింది. కింద పెయింటెడ్ హాల్‌లో పైకప్పు నిండా జూలియస్ సీజర్ కథ బొమ్మలుగా ఉంటుంది. మెడ వెనక్కి వాల్చి చూడాల్సిన గది అది. కూర్చుని చూసేవాళ్ళకి నిలబడ్డవాళ్ళకంటే సుఖంగా ఉంటుందని నాకనిపించింది.

అసలు సంగతి పైనుంది. మొదటి డ్యూకు రెండో అంతస్తులో వరసగా స్టేట్ రూములు కట్టించాడు. మూడో విలియం రాజు, మేరీ రాణి వచ్చి బస చేస్తారని ఆశ. వాళ్ళు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు మన అత్తయ్యలు, మామయ్యలు లిఫ్టులో వెళ్ళి ఆ గదులు చూస్తున్నారు. అక్కడి మ్యూజిక్ రూములో తెరిచి ఉన్న తలుపు వెనక ఇంకో తలుపు ఉంటుంది, దాని మీద వెండి కొక్కేనికి ఒక వయొలిన్ వేలాడుతూ కనిపిస్తుంది. అది వయొలిన్ కాదు, పెయింటింగ్. ఎంత తెలిసినా మళ్ళీ చూసినప్పుడు నిజమైనదే అనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళనివ్వరు కాబట్టి నిలబడ్డా, కూర్చున్నా అందరికీ అదే దూరం, అదే మోసం. ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ చూసి వెళ్ళే వస్తువు అది. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి కూడా చూసి, "భలే మోసం చేశాడే" అనగలగాలి. నా లెక్కలో యాక్సెస్ అంటే అదే. ఇంటికి ప్రాణం ఏ గదో ఆ గదిలోకి మనిషి చేరాలి.

చాట్స్‌వర్త్‌కి లోపాలు లేవని కాదు. టికెట్ ఖరీదు ఎక్కువ. సెలవుల్లో, క్రిస్మస్ అలంకరణల రోజుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. మనిషి నడుము ఎత్తులో కూర్చున్నవాళ్ళకి జనం అంటే కోట్లు, హ్యాండ్‌బ్యాగులే. తోట వంద ఎకరాలకు పైనే, సగం కొండవాలు. 1844లో అక్కడి తోటల పెద్ద జోసెఫ్ పాక్స్టన్ వేయించిన ఎంపరర్ ఫౌంటెన్ దగ్గరిదాకా సాఫీగానే వెళ్ళవచ్చు. నీళ్ళు మెట్ల మీంచి జారేలా కట్టిన కాస్కేడ్ పైకొసకి వీల్‌చైర్ తోసుకుంటూ వెళ్దాం అనుకుంటే మాత్రం తోసేవాడికి జిమ్ అవసరం లేదు.

హార్డ్‌విక్ దీనికి పూర్తి వ్యతిరేకం. అదే దాని గొప్ప కూడా, అదే ఇబ్బంది కూడా. బయట నిలబడి చూడండి: కింది అంతస్తు కిటికీలు పొట్టి, మధ్య అంతస్తువి పొడవు, పై అంతస్తువి మరీ పొడవు. గోడ కంటే అద్దమే ఎక్కువ అని ఇంగ్లీషువాళ్ళు ఈ ఇంటి మీద ఒక చిన్న పాటే కట్టారు. పైకి వెళ్ళేకొద్దీ హోదా పెరుగుతుందని ఆ కిటికీలే చెబుతాయి. కింద పనివాళ్ళు, మధ్యలో బెస్ ఉండే గదులు, అన్నిటికంటే పైన హై గ్రేట్ చాంబర్, లాంగ్ గ్యాలరీ. అక్కడికి తీసుకెళ్ళే రాతి మెట్లు ఇంటి గుండా మెలికలు తిరుగుతూ, ఊరేగింపులా సాగుతాయి. ఎక్కడమే ఒక తంతు. ఆ మెట్లు తీసేస్తే హార్డ్‌విక్ హార్డ్‌విక్ కాదు. అక్కడ లిఫ్టు లేదు. వీల్‌చైర్ కింది అంతస్తుతో ఆగిపోతుంది. పైనున్న గదులు బొమ్మల్లో చూసుకోవలసిందే.

దీన్ని అర్థం చేసుకోగలను కానీ ఒప్పుకోలేను. కారణం లాంగ్ గ్యాలరీలోని, బైబిల్లోని గిడియన్ కథ నేసిన టేపెస్ట్రీలు. పదమూడు పెద్ద నేత తెరలు. వాటిని ఒక్కొక్కటిగా శుభ్రం చేసి, కుట్లు వేసి, మళ్ళీ గోడకెక్కించడానికి 24 ఏళ్ళు పట్టింది, 2023లో పని పూర్తయింది. బట్ట కోసం పావు శతాబ్దం ఓపిక పట్టగలిగిన సంస్థ మనుషుల కోసం ఎంత ఓపిక పడుతుందో చూడాలని ఉంటుంది. అయితే ఒక మాట హార్డ్‌విక్ పక్షాన కూడా చెప్పాలి. చాట్స్‌వర్త్ వందకు పైగా గదుల మహాభవనం, జనం తిరగని మూలలు ఎన్నో ఉంటాయి. హార్డ్‌విక్ గట్టిగా ఒక కొలత ప్రకారం కట్టిన పెట్టె. లిఫ్టు గొట్టం ఎక్కడ దించినా ఏదో ఒక ముఖ్యమైన గది నేలనో, పైకప్పునో కొయ్యాల్సిందే.

టాబ్లెట్‌లో వర్చువల్ టూర్ చూపిస్తే సరిపోదా అంటారు కొందరు. సరిపోదు. అది ఇంట్లో సోఫాలో కూర్చుని కూడా చూడవచ్చు. పైకి వెళ్ళేవాళ్ళు వచ్చేదాకా కాలక్షేపానికి పనికొస్తుంది, అంతే.

ఇంకో ఉపాయం స్టెయిర్‌క్లైంబర్. బ్యాటరీతో నడిచే యంత్రం. శిక్షణ పొందిన మనిషి దాన్ని పట్టుకుని, కూర్చున్న మనిషితో సహా ఒక్కో మెట్టూ ఎక్కిస్తాడు. గోడలు కొయ్యక్కర్లేదు కాబట్టి పాత కట్టడాలవాళ్ళకి ఇది ఇష్టం. కూర్చున్నవాళ్ళకి మాత్రం ప్రతి మెట్టు దగ్గరా వెనక్కి వాలినప్పుడు టెన్షనే. బరువైన ఎలక్ట్రిక్ వీల్‌చైర్‌కి పనికిరాదు. శిక్షణ ఉన్న మనిషి ఆ రోజు సెలవులో ఉంటే యంత్రం మూలన ఉంటుంది. లిఫ్టుకీ దీనికీ పోటీ పెట్టకూడదు.

ఇక ఆస్బర్న్. సౌతాంప్టన్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే గంటలో ఈస్ట్ కౌస్, అక్కడికి పక్కనే. విక్టోరియా రాణి, ఆవిడ భర్త ఆల్బర్ట్ కలిసి 1845లో కట్టించడం మొదలుపెట్టిన సముద్రతీరపు ఇల్లు. రాణిగారి మోకాళ్ళు వయసుతో మొరాయించాక, 1893లో అక్కడ లిఫ్టు పెట్టించారు. కింద ఒక మనిషి చేత్తో నడిపే లిఫ్టు. యజమానురాలికి అవసరం పడేసరికి ఇంటి చరిత్ర అడ్డు రాలేదు! 1901 జనవరిలో ఆవిడ అక్కడే, మొదటి అంతస్తు పడకగదిలో కన్నుమూసింది. ఆ తర్వాత కొడుకు ఎడ్వర్డ్ ఇంటిని దేశానికి ఇచ్చేస్తే, అందులో కొంత భాగాన్ని జబ్బుపడ్డ సైనికాధికారులు కోలుకునే చోటుగా వాడారు. నడవలేనివాళ్ళు ఆ ఇంటికి కొత్త కాదన్నమాట. ఇప్పుడు వీల్‌చైర్‌లో వచ్చినవాళ్ళు మొదటి అంతస్తుకి లిఫ్టులో వెళ్ళవచ్చు. లిఫ్టు కొలతలు చిన్నవి, పెద్ద ఎలక్ట్రిక్ చైర్ అయితే ముందే ఫోన్ చేయాలి.

ఆస్బర్న్‌కి ఇంకో బలం ఉంది. మనవాళ్ళకి ఎక్కువ నచ్చేది దర్బార్ రూము, అది కింది అంతస్తులోనే ఉంది. లాహోర్ నుంచి వచ్చిన భాయి రామ్‌సింగ్ చేతి పనితనం, తెల్లటి ప్లాస్టర్‌లో నెమళ్ళు, వినాయకుడు. దానికి వెళ్ళే వరండా గోడల మీద రుడాల్ఫ్ స్వబోడా గీసిన మన దేశపు మామూలు మనుషుల ముఖాలు. అమ్మానాన్నలు ఒక్కో బొమ్మ ముందు ఆగి, ఈయన ఎవరో మన తాతలా ఉన్నాడే అనుకునే చోటు. లిఫ్టు పాడైనా ఆస్బర్న్‌లో రోజు వృథా కాదు.

లిఫ్టు ఉంటే చాలనుకోవద్దు. మూడు చోట్లా చిన్న చిక్కులు ఉంటాయి, ఎవరూ ముందు చెప్పరు. పార్కింగ్ నుంచి తలుపు దాకా ఉండే కంకర దారిలో ముందు చక్రాలు కూరుకుపోతాయి. ముందుకు తోయకుండా వెనక్కి తిప్పి లాగితే తేలిక. నేత తెరలు, నీటిరంగుల బొమ్మలు వెలిసిపోకుండా కర్టెన్లు దించి వెలుతురు బాగా తగ్గిస్తారు. శుక్లాలు ఉన్నవాళ్ళకి ఎండలోంచి లోపలికి రాగానే ఏమీ కనిపించదు, గుమ్మం దగ్గర రెండు నిమిషాలు ఆగనివ్వాలి. నేషనల్ ట్రస్ట్ ఇళ్ళలో కొన్ని కుర్చీల మీద ఎండిన ముళ్ళపువ్వో, పైన్ కాయో పెట్టి ఉంటుంది. కూర్చోవద్దని మర్యాదగా చెప్పడం అది. అలంకరణ అనుకుని పక్కన పెట్టి కూర్చునే ప్రమాదం ఉంది, చెప్పి ఉంచండి. కూర్చోదగ్గ కుర్చీ ఏ గదిలో ఉందో అక్కడి వాలంటీర్‌ని అడిగితే సంతోషంగా చూపిస్తారు.

ఎంచుకోవాల్సి వస్తే నా వరస ఇది. ఎప్పుడూ వీల్‌చైర్‌లో ఉండేవాళ్ళతో అయితే నిస్సందేహంగా చాట్స్‌వర్త్. మోకాళ్ళ నొప్పి, కాస్త నడక, ఇండియా మీద బెంగ ఉన్నవాళ్ళతో అయితే ఆస్బర్న్. చూపు తక్కువైనవాళ్ళకి మూడింట్లోనూ తోటలే నయం, హార్డ్‌విక్ మూలికల తోటలో ఆకు నలిపి వాసన చూడమంటే ఇంటి లోపలి చీకటి కంటే ఎక్కువ గుర్తుంటుంది. మెట్లు మెల్లగా ఎక్కగలిగేవాళ్ళు మాత్రమే హార్డ్‌విక్ లోపలికి టికెట్ కొనండి.

డెర్బీషైర్ వెళ్తే రెండూ ఒకేరోజు కుదురుతాయి, కారులో ముప్పావుగంట దూరమే. ఉదయం చాట్స్‌వర్త్ లోపల, మధ్యాహ్నం హార్డ్‌విక్ బయట. టవర్ల మీద బెస్ తన పేరు (ఎలిజబెత్ ష్రూస్‌బరీ) పొడి అక్షరాలు ఈ, ఎస్ రాతిలో చెక్కించుకుంది, కింద నుంచే చదవవచ్చు. బయల్దేరే ముందు చాట్స్‌వర్త్‌కి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: లిఫ్టు ఈ రోజు పనిచేస్తోందా, వీల్‌చైర్ అరువిస్తారా, పై అంతస్తులో ఒకేసారి ఎన్ని వీల్‌చైర్లని అనుమతిస్తారు. మంటలు వస్తే లిఫ్టు వాడకూడదు కాబట్టి ఈ మూడోదానికి చాలా ఇళ్ళలో పరిమితి ఉంటుంది, మీరు వెళ్ళేసరికి ఆ లెక్క నిండిపోయి ఉంటే కిందే ఆగాల్సి వస్తుంది. తోడు వచ్చినవాళ్ళకి టికెట్ అక్కర్లేదేమో కూడా అదే ఫోన్‌లో అడిగేయండి, నేషనల్ ట్రస్ట్‌లో అయితే సహాయకులకి ప్రవేశం ఉచితం.