పెళ్లి పిలుపు: వాట్సాపా, శుభలేఖా?

ఖర్చు: వాట్సాప్ కార్డుకు దాదాపు సున్నా. అచ్చు శుభలేఖకు ప్రింటింగొకటి, ఇంటింటికీ తిరిగే పెట్రోలొకటి.

శ్రమ: ఫోన్‌లో పది నిమిషాలు. కార్డైతే నాలుగు మూలలా పసుపు రాయాలి, చిత్తూరు నుంచి మదనపల్లె దాకా తిరగాలి, వెళ్లిన ప్రతి ఇంట్లో కాఫీ తాగాలి.

రిస్కు: ముహూర్తం టైము తప్పు పడితే వాట్సాప్‌లో వెంటనే మార్చి పంపొచ్చు. కానీ "మెసేజీ పెడితే పిలిచినట్టేనా?" అని మేనత్త అలిగితే ఏ యాప్ సర్దిచెప్పదు. మా ఇంట్లో ఆ అలక సీమంతం దాకా సాగింది.

మొదటి శుభలేఖ మాత్రం వెంకన్నకే. టీటీడీకి పోస్టులో పంపితే స్వామి అక్షింతలు వస్తాయి.

ఆఫీసువాళ్లకు, బెంగళూరు స్నేహితులకు వాట్సాప్ చాలు. మేనమామ ఇంటికి మాత్రం కార్డు పట్టుకెళ్లి, బొట్టు పెట్టి పిలవండి.