ఇంటి ముందు గులాబీ రంగు పూలు: గన్నేరా, కాగితం పూలా, దేవకాంచనమా?

గేటు పక్కన గులాబీ రంగు పూల మొక్క కావాలంటే మన దగ్గర తేలిగ్గా దొరికేవి ఈ మూడు. మూడూ మన ఎండలకు తట్టుకుంటాయి. తేడా నాటాకే తెలుస్తుంది.

గన్నేరుది మొండి ప్రాణం. వానాకాలంలో కొమ్మ గుచ్చితే బతికేస్తుంది. పొగకు, దుమ్ముకు జంకదు, పశువులు ముట్టవు. హైవే డివైడర్ల మీద వరసగా దాన్ని పెంచేది అందుకే. పూజకు పూలుంటాయి, వినాయక చవితి 21 పత్రిలో కరవీర పత్రం కూడా దీనిదే. అయినా పాకే పిల్లలున్న ఇంట్లో దీన్ని నాటమని నేను చెప్పను. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే, అదీ గుండె మీద పనిచేసే విషం. గన్నేరు పప్పు అని జనం భయపడేది పచ్చగన్నేరు గింజకే కానీ, ఇదీ దానికేం తీసిపోదు. కత్తిరించిన కొమ్మల్ని మేకల ముందు పడేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. పొగ కూడా ప్రమాదమే.

డాబా మీద కుండీలోనే పెంచాలంటే మాత్రం కాగితం పూలకు పోటీ లేదు. మనం పువ్వనుకునేది నిజానికి రంగు తిరిగిన ఆకు. అసలు పువ్వు దాని మధ్యలో సన్నటి గొట్టంలా ఉంటుంది. రంగు వారాల తరబడి నిలిచేది అందుకే. బ్రెజిల్ నుంచి వచ్చిన ఈ మొక్కకు కావలసింది రోజుకు ఆరు గంటల ఎండ. రోజూ నీళ్లు పోసి, యూరియా వేసి ముద్దు చేస్తే ఆకులే గుబురుగా వస్తాయి, పూత రాదు. పైమట్టి ఎండాకే నీళ్లు పోయాలి. పూత అయిపోగానే కొమ్మలు కత్తిరించాలి, ముళ్లుంటాయి కాబట్టి చేతికి గ్లవుజులు తప్పవు.

నేల ఉంటే నా ఓటు దేవకాంచనానికే. విత్తనం నుంచి పెంచినా రెండు మూడేళ్లలో పూస్తుంది. ఒంటె డెక్కలాంటి ఆకు, చెట్టు నిండా పూలు, వాటి చుట్టూ తేనెటీగలు. నీడ కూడా దక్కుతుంది. చిక్కులు లేకపోలేదు: కొమ్మలు గాలికి విరుగుతాయి, ఎండిన కాయలు టప్పున పేలి గింజలు దూరంగా పడతాయి. కరెంటు తీగల కింద మాత్రం వద్దు.

బెంగళూరు ఫొటోలు చూసి టబేబుయా అడిగేవాళ్లూ ఉన్నారు. అందమే, కానీ అది వీధికి, పార్కుకు తగిన పెద్ద చెట్టు.

దేవకాంచనం కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఆ పేరుతో అమ్మేవి రెండు రకాలు. ఒకటి వానలు తగ్గాక, కార్తీకం ప్రాంతంలో ఆకులతోపాటే పూస్తుంది. రెండోది ఆకు రాల్చి, వేసవికి ముందు పూస్తుంది. పువ్వు చేతికి దొరికితే పుప్పొడి ఉన్న కేసరాలు లెక్కపెట్టండి: మామూలుగా మూడుంటే మొదటిది, అయిదుంటే రెండోది.